రాణిగారి చొక్కాకి పసుపు

మా అన్నయ్యకి నేను పంపిన మొదటి ఫోటోలో తెల్ల టోపీ, దాని మీద మెరిసే కిరీటం, చొక్కా నిండా కుచ్చులు, మోకాళ్ళ దాకా బూట్లు, కింద గుర్రం ఉన్నాయి. అన్నయ్య మలికిపురం నుంచి వెంటనే ఫోన్ చేసి, "ఇది ఏ నాటకం కంపెనీ వేషమే?" అని అడిగాడు. నాటకమూ కాదు, వేషమూ కాదు, నేను బహ్రెయిన్ రోడియో రాణిని అని చెప్పాను. "అమ్మకి ఏమని చెప్పమంటావు?" అన్నాడు. రాణి అయిందని చెప్పు, అబద్ధం కాదుగా అన్నాను.

మీకూ తెలియకపోతే చెబుతాను, వినండి. అమెరికాలో పశువుల కాపర్లు ఆడుకునే ఆటల పండగ రోడియో. తాడు విసిరి దూడని పట్టడం, పీపాల చుట్టూ గుర్రాన్ని మెలికలు తిప్పడం, అలాంటివి. ఆ పండగకి ఏటా ఒక రాణిని ఎన్నుకుంటారు. రాణి కదా అని కుర్చీలో కూర్చోబెట్టి విసరరు. అందరికంటే ముందు జెండా పట్టుకుని, గుర్రాన్ని దౌడు తీయిస్తూ బరిలోకి రావాలి. ఆట అయ్యాక దూడల్ని బయటికి తోలాలి. ఆపైన పిల్లల్ని జీను మీద ఎక్కించుకుని ఫోటోలు దిగాలి, ఆసుపత్రికి వెళ్ళి జబ్బుపడ్డ పిల్లల్ని నవ్వించాలి. అంతసేపూ మొహం మీద నవ్వు చెదరకూడదు, నెత్తి మీద టోపీ కదలకూడదు. నవ్వీ నవ్వీ దవడలు పీకుతాయి. టోపీకి గుచ్చిన పిన్నులతో నెత్తి జల్లెడ అవుతుంది. అయినా నాకిష్టం.

బహ్రెయిన్‌లో ఈ పిచ్చిని అంటించింది మా మునీరా మేడం. ఇక్కడి మనిషే. చదువుకోడానికి టెక్సాస్ వెళ్ళి, డిగ్రీతోపాటు ఈ ఆటని కూడా మోసుకొచ్చింది. సఖీర్ అవతల ఎడారిలో గుర్రాల రాంచ్ పెట్టింది. నేను రిఫాలో ఆవిడ ఇంట్లో పనిమనిషిగా దిగాను. వంట, గిన్నెలు, ఇస్త్రీ. ఇంటి వెనక కొట్టంలో గజాలా అని ఒక ఎర్ర గుర్రం ఉండేది. ఆడది, మహా పొగరుబోతు. ఎవరు దగ్గరికెళ్ళినా చెవులు వెనక్కి పెట్టి పళ్ళు చూపించేది. క్యారెట్ తొక్కలు తీసుకెళ్ళిన నన్ను మాత్రం ఏమీ అనలేదు. సాటి పొగరుబోతని గుర్తుపట్టిందేమో. ఒకరోజు మేడం వచ్చి చూసేసరికి నేను దాని వీపు మీద ఉన్నాను. జీను లేదు, కాళ్ళకి చెప్పులు లేవు. కేకలేస్తుందనుకున్నాను. "ఎక్కడ నేర్చుకున్నావు?" అంది. గేదెల మీద, అన్నాను. చిన్నప్పుడు కాలవ గట్టున గేదెనెక్కి తిరిగినదానికి గుర్రం ఒక లెక్కా? లెక్కేనని తర్వాత తెలిసింది. చాలాసార్లు పడ్డాను. నడుం పట్టేసి, గోడ పట్టుకుని నడుస్తూ ఇల్లు తుడిచాను. పడకుండా ఎవరు నేర్చుకున్నారు చెప్పండి?

పోయినేడు బహ్రెయిన్ రాణిని ఎన్నుకున్నప్పుడు అమెరికా నావికాదళం ఉండే జుఫైర్ నుంచి వచ్చిన అమెరికా అమ్మాయిలు కూడా పోటీలో ఉన్నారు. నేనే గెలిచాను. ఆ తర్వాత దేశాలు తిరిగాను. గుర్రాల బండిలో గజాలా పక్కన కూర్చుని సముద్రం మీది వంతెన దాటి సౌదీలోని ఖోబర్ వెళ్ళాను. దోహాలో ఎక్కడ చూసినా పిల్లలే, నా కుచ్చులు పట్టుకుని వదల్లేదు. కువైట్ విమానాశ్రయంలో ఒక ఆఫీసరు నా కాగితాలు చూశాడు. వాటిలో పనిమనిషి అని ఉంది. చేతిలో గుండ్రటి పెట్టె ఉంది. ఇందులో ఏముందన్నాడు. కిరీటం అన్నాను. తెరిచి చూశాడు. ఎవరిదన్నాడు. నాదే అన్నాను, గట్టిగానే. అతను పక్కవాణ్ణి పిలిచి చూపించాడు. ఇద్దరూ నాతో ఫోటో దిగారు. ఆదివారం పొద్దున్న మళ్ళీ రిఫాలో గిన్నెల ముందు ఉన్నాను.

ఆ గిన్నెల దగ్గరే వస్తుంది అసలు సంగతి. బహ్రెయిన్ కిరీటం ఏడాదికే. ఏడాది చివర గల్ఫ్ దేశాల రాణులందరూ ఒకచోట చేరి పోటీ పడతారు. ఈసారి ఆ పోటీ మా రాంచ్‌లోనే. మేడం నాతో హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడుతుంది. ఆ కలగలుపులోనే ఒకరోజు స్పష్టంగా చెప్పింది. గెలిస్తే రాంచ్‌లో పిల్లలకి స్వారీ నేర్పే పని నాది. వీసా కూడా ఆ పని పేరు మీదే మారుస్తుంది. ఓడితే ఇంకో రాణి వస్తుంది, గజాలాని ఆమెకిస్తారు, నేను వంటింట్లోకి. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు, రాంచ్ నడవాలంటే గెలిచిన పేరు కావాలి. సరే మేడం, గెలుస్తాను అన్నాను. అంతకంటే చెప్పడానికేముంది?

చొక్కా కుట్టింది నరసాయమ్మ పిన్ని. నాకు రక్తసంబంధం కాదు. నర్సాపురం మనిషి. పగలు నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది, సాయంత్రాలు ఉమ్మ్ అల్ హస్సామ్‌లో తన గదిలో మిషను కుడుతుంది. మా వైపు ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆవిడ చేతిమీదుగానే పోతాయి. మొగుడు చిన్న వయసులోనే పోయాడు. నోరు పెద్దది. సెలవు రోజున నేను ఆ గదిలోనే పడి ఉంటాను, ఆవిడ వండిన చేపల పులుసు తింటూ, ఆవిడ తిట్లు తింటూ. ఈ చొక్కా కుట్టేటప్పుడు కూడా తిట్టింది. "ఏంటే ఈ కుచ్చులు? సేలో దిష్టిబొమ్మకి కట్టినట్టు. తెల్లగుడ్డ మీద ఈ రాళ్ళేంటే, కళ్ళు పోతన్నాయి నాకు." తిడుతూనే ఒక్కో రాయీ వరస తప్పకుండా కుట్టింది. పోటీలో బట్టలకి కూడా మార్కులుంటాయని, మడత గానీ మరక గానీ ఉండకూడదని నేను చెప్పాను. "నాకు సెప్తన్నావా?" అంది.

పోటీ రోజు శుక్రవారం. ఎండ కంటే ఉక్క ఎక్కువగా ఉంది. గుర్రాల బండ్ల పక్కన నేను గజాలాకి జీను బిగిస్తున్నాను. పిన్ని కూడా వచ్చింది, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని. మా గుర్రాల కొట్టం చూసుకునే లచ్చన్న గజాలా గిట్టలు తుడుస్తున్నాడు. లచ్చన్నది జగిత్యాల వైపు. అవతల మస్కట్ రాణి నీలం చొక్కాలో నిలబడి ఉంది. ఇస్త్రీపెట్టె కింద నుంచి అప్పుడే లేచి వచ్చినట్టుంది ఆ పిల్ల.

"పద్మక్కా, నీ మెడకాడ గదేంది, పచ్చగ?" అన్నాడు లచ్చన్న.

చెయ్యి పెట్టి చూసుకున్నాను. కాలర్ తడిగా ఉంది, వేలికి పచ్చగా అంటింది. వాసన చూశాను. ఇంకేముంది, నాకు అర్థమైపోయింది.

"పిన్నీ! చొక్కాకి పసుపెట్టావా?"

"ఎట్టనా మరి?" అంది పిన్ని. "కొత్తగుడ్డకి పసుపెట్టకుండా ఎవరైనా ఏసుకుంటారా? కనపడకూడదనే కాలర్ లోపలేపు ఎట్టాను."

"సెమట పడితే బయటికి రాదా?"

"నీకింత సెమట పడుతుందని నాకేం తెలుసు, రాణిగారివి కదా!"

మేమిలా వాదించుకుంటున్నాం. ఇంతలో నా మెడ వెనక చల్లగా తగిలింది. లచ్చన్న తడిగుడ్డతో కాలర్ రుద్దుతున్నాడు. మంచివాడు, సాయం చేద్దామనుకున్నాడు. ఆ గుడ్డ లోంచి ఘుమఘుమలాడే వాసన వచ్చింది.

"లచ్చన్నా, ఆ గుడ్డకి సబ్బుందా?"

"ఉన్నది గదా. గుర్రాలను కడిగే సబ్బు. గింత మరక, ఒక్క రుద్దు రుద్దితె పోతది."

పసుపు బట్ట ఒక్కసారైనా ఉతికిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది, పసుపు మీద సబ్బు పడితే ఏమవుతుందో. పిన్ని, నేను ఒకేసారి అరిచాం. అప్పటికే ఆలస్యమైంది. చూస్తుండగానే పచ్చమరక ఎర్రబడింది. నీళ్ళతో కలిసి కాలర్ నుంచి భుజం మీదికి, భుజం నుంచి వీపు మీదికి ఎర్రగా కారింది. తెల్లచొక్కా కదా, చూసినవాళ్ళకి నా మెడ తెగినట్టే ఉంది. లచ్చన్న చేతిలో గుడ్డ పారేసి, "అయ్యో, రగుతం!" అని రెండడుగులు వెనక్కి వేశాడు.

అతని కేకకి అంబులెన్సు దగ్గరున్న డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. దెబ్బ తగిలింది, ఈ అమ్మాయి స్వారీ చేయకూడదు అనేశాడు. నేను కాలర్ కిందికి లాగి మెడ చూపించాను. గీత కూడా లేదు. కూరలో వేసే పసుపు డాక్టరూ, వాసన చూసుకో అన్నాను. చూశాడు. మొహం అదోలా పెట్టి, నవ్వు ఆపుకుంటూ, ఖలాస్ అని వెళ్ళిపోయాడు. ఆ గండం గడిచింది.

మునీరా మేడం మాత్రం నవ్వలేదు. తన కారు దగ్గరికి వెళ్ళి కవర్లో ఇంకో తెల్లచొక్కా తెచ్చింది, కొత్తది, టెక్సాస్ నుంచి తెప్పించుకున్నది. బట్టలు చూసే జడ్జీలు వస్తున్నారు, యల్లా, త్వరగా మార్చుకో అంది. ఆ చొక్కా చూడ్డానికి ఎంతో బాగుంది. చేతిలోకి తీసుకుని, పిన్ని కోసం చూశాను. లేదు.

గుర్రాల బండి వెనక్కి వెళ్ళి చూస్తే అక్కడ చక్రం పక్కన కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నరసాయమ్మ పిన్ని ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"సబ్బెట్టింది లచ్చన్న. నువ్వెందుకేడుత్తావు?" అన్నాను.

"సబ్బు కాదే. నా సెయ్యే అలాంటిది," అంది. "మొగుడు పోయినదాన్ని, పసుపు ముట్టుకుని నీకెందుకెట్టాను? మా అన్న కూతురి పెళ్ళిలో ఆ పిల్లకి నలుగు ఎడతానని ఎల్తే మా వదిన నా సేతిలో గిన్నె లాగేసుకుంది. నీ సెయ్యి తగిలితే పిల్ల బతుకేంగాను అంది. ఆరోజు దాన్ని తిట్టరాని తిట్లు తిట్టి ఇక్కడికొచ్చేశాను. అదన్నదే నిజం. ఇక్కడెవరూ సూడరు కదా అని, నీకు అమ్మ దగ్గర్లేదు కదా అని, ఆశపడి ఎట్టాను. నీ బతుకు మారే రోజున పాడుసేశాను. ఆ సొక్కా ఇప్పెయ్. ఆవిడిచ్చింది ఏసుకుని ఎల్లు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పమంటే, ఆ వదిన మీద, గిన్నె లాగేసుకుంటుంటే చూస్తూ నిలబడ్డ ఆ పెళ్ళివాళ్ళందరి మీద, ఇన్నేళ్ళూ ఆ మాటని కడుపులో దాచుకున్న పిన్ని మీద కూడా. కోపంలోనే నా బుర్ర చకచకా పనిచేసింది. మేడం చొక్కా వేసుకుని గెలిస్తే, చూశావా నా చొక్కా విప్పబట్టే గెలిచావు అంటుంది పిన్ని. ఈ చొక్కాతో ఓడితే నా ఉద్యోగం పోతుంది, పిన్ని ఆ పాపం తనదేననుకుని చచ్చేదాకా మోస్తుంది. మిగిలింది ఒకటే దారి. ఈ చొక్కా వేసుకోవాలి, గెలవాలి. భయం వేయలేదంటే అబద్ధం. వేసింది. కానీ నాకు కోపం వచ్చినప్పుడు భయం వెనక వరసలో కూర్చుంటుంది.

కవర్ తీసుకెళ్ళి మేడం చేతిలో పెట్టేశాను.

"పిచ్చా నీకు?" అంది మేడం. "బట్టల మార్కులు పోతాయి. పని సంగతి గుర్తుందా?"

"గుర్తుంది మేడం. పోయిన మార్కులు గుర్రం మీద తెచ్చుకుంటాను," అన్నాను.

జడ్జీలు వచ్చారు. రాణులందరం వరసగా నిలబడ్డాం. తెల్ల మీసాల పెద్దాయన నా దగ్గర ఆగి, వీపు చూసి, తల అడ్డంగా ఊపి ఏదో రాసుకున్నాడు. తర్వాత మైకు నా ముందు పెట్టి, ఇదేమిటి రాణిగారూ అన్నాడు. అక్కడున్న జనమంతా వింటున్నారు. నా ఇంగ్లీషు వంటింటి ఇంగ్లీషు. అయినా తడుముకోలేదు. మా దేశంలో కొత్తబట్ట వేసుకునే ముందు ఇంట్లో పెద్దవాళ్ళు పసుపు పెట్టి మంచి జరగాలని దీవిస్తారు, నాకు మా పిన్ని పెట్టింది, సబ్బు తగిలి ఎర్రబడింది, దీవెన కాబట్టి విప్పలేదు అని చెప్పాను. మా వాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఈలలు వినిపించాయి. పెద్దాయన నవ్వాడు కానీ రాసింది కొట్టేయలేదు. నేనూ కొట్టేయమని అడగలేదు.

స్వారీలో మస్కట్ రాణి నాకంటే ముందు వెళ్ళింది. బాగా చేసింది, ఒప్పుకోవాలి. టోపీ అంగుళం కదల్లేదు. నా వంతు వచ్చింది. జెండా కర్ర కాలు పెట్టే రికాబు దగ్గర నిలబెట్టుకుని, గజాలా మీద గేటువైపు కదిలాను. దారిలో నిలబడి చూస్తున్న పిన్ని నన్ను చూడగానే గబుక్కున పక్కకి తప్పుకుంది. లచ్చన్న వెనక్కి వెళ్ళి దాక్కోబోయింది. నాకు ఎదురు పడకూడదని. అప్పుడు తట్టింది నాకు. నేను పిన్ని గది నుంచి దోహా వెళ్ళేటప్పుడు, కువైట్ వెళ్ళేటప్పుడు, గుమ్మం దాటే సమయానికి ఈవిడకి స్టవ్ మీద ఏదో మాడిపోయేది, లోపలికి పరిగెత్తేది. నేనెంత మొద్దునో చూడండి, ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

పగ్గం లాగి గజాలాని ఆపేశాను.

"పిన్నీ, అలా కాదు. గేటు దగ్గరికెళ్ళి, అక్కణ్ణించి నాకు ఎదురు రా."

"మతి పోయిందేంటే నీకు? ఎల్లు, పిలుత్తన్నారు."

"నువ్వు ఎదురొచ్చేదాకా నేను కదలను."

మైకులో నా పేరు పిలిచారు. గేటు దగ్గరున్నవాళ్ళు యల్లా యల్లా అని చేతులూపుతున్నారు. మళ్ళీ పిలిచారు. ఇంకోసారి పిలిచి నేను రాకపోతే పోటీలో లేనట్టే. దూరంగా మేడం నెత్తి మీద చేతులు పెట్టుకుంది. గజాలా గిట్టలతో ఇసుక తవ్వుతోంది.

"నరసవ్వా, పో నువ్వు! గీమె మొండిది, ఎర్కే గదా!" అన్నాడు లచ్చన్న.

పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, నా వైపు నడిచి వచ్చింది. తల ఎత్తే నడిచింది. గజాలా ఎవరినీ దగ్గరికి రానివ్వదని చెప్పాను కదా, అదీ పొగరు పక్కన పెట్టి నిలబడింది. పిన్ని నా బూటు మీద చెయ్యేసి, "వచ్చాను. ఇంకెల్లు. ఓడిపోయావంటే నిన్ను సంపేత్తాను," అంది.

ఇక చూసుకోండి. గేటు తెరిచారు, మడమ తగిలించాను, గజాలా లేచిపోయింది. జెండా చెవి పక్కన టపటపా కొట్టుకుంటోంది. మొదటి మూల తిరిగాను, రెండోది తిరిగాను. మూడో మూలలో కంచె మీద కట్టిన బుడగ ఒకటి ఢామ్మని పేలింది. గజాలా పక్కకి దూకింది. నా ఎడమకాలు రికాబులోంచి జారిపోయింది, టోపీ గాలికి లేచింది, పిన్నులు జుట్టుని కుదుళ్ళతో లాగాయి. అలాంటప్పుడు ఎవరైనా పగ్గం బిగిస్తారు. నేను వదిలేశాను. దాని మెడ మీదికి వంగి, "పోవే తల్లీ, పో!" అన్నాను. కాలు ఖాళీగానే ఉంది, గేదె మీద నాకు రికాబు ఎవరిచ్చారు? పోయింది చూడండి గజాలా, పూనకం వచ్చినట్టు పోయింది. జనం లేచి నిలబడ్డం కనపడుతోంది కానీ అరుపులు వినపడ్డం లేదు. ఆగాల్సిన గీత దగ్గర వెనక్కి వాలాను. గజాలా వెనక కాళ్ళ మీద జారుకుంటూ వెళ్ళి సరిగ్గా గీత మీద ఆగింది. జెండా నిటారుగా ఉంది. టోపీ ఎత్తి జడ్జీలకి వందనం చేశాను, టోపీతోపాటు నా జుట్టు కూడా కొంచెం ఊడొచ్చింది. నవ్వుతూనే ఉన్నాను.

ఫలితం చదివారు. బట్టల మార్కుల్లో అందరికంటే కింద నా పేరు. స్వారీలో అందరికంటే పైన నా పేరు. రెండూ కలిపితే మస్కట్ రాణి కంటే వెంట్రుకవాసి ఎక్కువ. గల్ఫ్ రాణి, బహ్రెయిన్ నుంచి పద్మజ అన్నారు. మేడం నన్ను కావలించుకుని తన తెల్లబట్టలకి కూడా ఆ ఎరుపు అంటించుకుంది. సోమవారం నుంచి రాంచ్‌కి రా, వంటకి ఇంకెవరినైనా చూసుకుంటాను అంది నా చెవిలో. నాకు ఏడుపు ఆగలేదు. రాణులు ఏడవకూడదన్న నియమం ఉంటే దాన్ని అక్కడే తప్పాను.

పిన్ని కూడా ఏడుస్తూ ఉంటుందనుకుని కిరీటంతో పరిగెత్తాను. లేదు. లచ్చన్నకీ, పక్కనున్న మా వైపు ఆడవాళ్ళకీ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. నన్ను చూసి, నా కాలర్ సరిచేసి, "పసుపెట్టబట్టి గెలిచావు గానీ, లేపోతే నీ మొహానికి కిరీటమా?" అంది.

ఇప్పుడు నా వీసా మారింది. పిల్లలకి స్వారీ నేర్పుతున్నాను, కేకలేస్తే మహా బాగా వింటారు. గల్ఫ్ రాణిగా మొదటి ప్రయాణం మస్కట్‌కి, పోయిన వారమే. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో పిన్ని గది నుంచే బయల్దేరాను. పెట్టె సర్దుకుని చూస్తే గదిలో పిన్ని లేదు. స్టవ్ కట్టేసి ఉంది. మెట్లు దిగేసరికి కింద రోడ్డు మీద నిలబడి ఉంది. పక్కన రాజోలు కన్నబాబు, కొత్తగా కొన్న కారు తాళం చేతిలో పట్టుకుని. అతని వెనక ఒక అమ్మాయి, ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళాలట, చేతిలో ఫైలు.

"నరసాయమ్మ గారూ, కొంచెం బేగి రండి, డ్యూటీకి ఆలస్యమవుతుంది," అన్నాడు కన్నబాబు.

"ఉండవయ్యా," అంది పిన్ని. "ముందు దీనికి ఎదురొచ్చి, తర్వాత నీకొత్తాను."